మనుబోతుకు ఏ తూటా? టెక్సాస్ నుంచి ఒక తొలి వేటగాడి ప్రశ్న

ప్రశ్న: మాది వరంగల్ జిల్లా. చాలా ఏళ్లుగా టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దగ్గర ఉంటున్నాం. గ్రీన్‌కార్డు వచ్చింది. మా పైఅధికారికి హిల్ కంట్రీలో రాంచ్ (పెద్ద పశుక్షేత్రం) ఉంది. ఈ శీతాకాలం వేటకు రమ్మని పిలిచారు. అక్కడ వైట్‌టెయిల్ జింకలు, చుక్కల దుప్పులు, అడవిపందులు ఉంటాయట. ఆ తర్వాత ఎప్పుడైనా దక్షిణ టెక్సాస్‌లో మనుబోతును, కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడాలని కోరిక. ఒకే ఒక రైఫిల్ కొనాలనుకుంటున్నాను. దుకాణంలో .300 విన్చెస్టర్ మాగ్నమ్ తీసుకోండి, దేనికైనా సరిపోతుంది అన్నారు. స్నేహితుడు 6.5 క్రీడ్‌మోర్ అంటున్నాడు. మా తాతగారి దగ్గర .315 ఉండేది. అంకె ప్రకారం చూస్తే వీటన్నింటిలో అదే పెద్దది కదా? నా భార్య కూడా నేర్చుకుంటానంటోంది. ఏ జంతువుకు ఏ క్యాలిబర్ సరైనదో వివరంగా చెప్పగలరు.
— ఒక పాఠకుడు, టెక్సాస్

సమాధానం: తాతగారి .315తోనే మొదలుపెడదాం. మీ అయోమయానికి మూలం ఆ అంకెలోనే ఉంది.

తూటా అంటే గుండు, మందు, వాటిని పట్టి ఉంచే కోశం అన్నీ కలిసినది; గొట్టం నుంచి బయటికి వెళ్లేది గుండు ఒక్కటే. క్యాలిబర్ అంటే ఆ గుండు లావు, లేదా గొట్టం లోపలి కొలత. .315 అంటే అంగుళంలో వెయ్యింట 315 వంతులు, అంటే 8 మిల్లీమీటర్లు. .308 అంటే 7.8 మిల్లీమీటర్ల పైచిలుకు. లావులో తేడా వెంట్రుకవాసి. కానీ తాతగారి తూటా ఆస్ట్రియా సైన్యం వాడిన పాత 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటా సంతతి. గుండు బరువు, నడక నెమ్మది. అది మన దేశంలో ఇంతగా స్థిరపడటానికి కారణం దాని గొప్పతనమేమీ కాదు. .303 అప్పటి సైన్యం తూటా. అది జనం చేతికి అందకూడదని బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. సైన్యం తుపాకీలో ఇమడని తూటా ఒకటి కావాల్సి వచ్చి .315 వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత కూడా ఇషాపూర్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ దాన్నే తయారు చేస్తూ వచ్చింది. పొలం కాపలాకు, నూరు గజాల లోపు పందికి అది చాలినంత తుపాకీయే. దాన్ని .308 పక్కన పెట్టి అంకెలు పోల్చడంలో మాత్రం అర్థం లేదు.

అంకెలు చేసే మాయ ఇంకొకటి ఉంది. మీరు దుకాణంలో చూసిన .308 విన్చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, .300 విన్చెస్టర్ మాగ్నమ్ — ఈ మూడింటి గుండ్ల లావు ఒక్కటే, .308 అంగుళం. .30-06లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని స్వీకరించిన సంవత్సరం. .308 వచ్చింది 1952లో, .300 మాగ్నమ్ 1963లో. పెళ్లికొడుకు ఒకడే, ఎక్కిన గుర్రాలు వేరు. మూడింటిలోనూ అదే 165 గ్రెయిన్ల గుండు పెట్టవచ్చు. వెనుక కోశంలో పట్టే మందు ఎంత అన్నదే తేడా. మందు పెరిగితే వేగం పెరుగుతుంది, దానితోపాటు భుజం మీద పడే దెబ్బా పెరుగుతుంది. పేరులో ఉన్న అంకెను అలాగే నమ్మడానికీ లేదు: .270 విన్చెస్టర్ గుండు నిజానికి .277, 6.5 క్రీడ్‌మోర్ గుండు 6.7 మిల్లీమీటర్లు.

గ్రెయిన్ అంటే భయపడకండి. మన పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. 180 గ్రెయిన్ల గుండు అంటే తులం బరువు, 165 అంటే తులానికి కాస్త తక్కువ. అంత చిన్న లోహపు ముక్క రెండున్నర క్వింటాళ్ల జంతువును ఎలా పడగొడుతుందన్నది అర్థమైతే క్యాలిబర్ ప్రశ్న సగం తేలిపోతుంది.

చాలామంది అనుకునేది, గుండు తాకిన విసురుకు జంతువు కూలిపోతుందని. అది నిజం కాదు. తాకిన గుండు ముందుభాగం పుట్టగొడుగులా విచ్చుకుని, రెండు ఊపిరితిత్తులనూ చీల్చుకుంటూ లోతుగా వెళ్లాలి. వీలైతే అవతలి పక్క నుంచి బయటపడాలి. అప్పుడు రక్తం పోయి, ఊపిరి అందక కొన్ని సెకన్లలో పడిపోతుంది. ఆ కొన్ని సెకన్లలోనే జింక యాభై, వంద గజాలు పరుగెత్తవచ్చు. అది మీ గురి తప్పినట్లు కాదు. అదే గుండు పేగుల్లోకి వెళితే మాత్రం, మీ చేతిలో ఎంత పెద్ద మాగ్నమ్ ఉన్నా ఆ జంతువు గంటల తరబడి బాధపడి ఎక్కడో పొదలో చస్తుంది. అందుకే నేను మొదట అడిగేది జంతువు బరువు కాదు. ఎంత దూరంలో ఉన్న ఎంత పళ్లేన్ని మీరు ప్రతిసారీ కొట్టగలరు, అన్నది. జింక ఊపిరితిత్తుల చోటు సుమారు ఎనిమిది అంగుళాల పళ్లెమంత ఉంటుంది. బల్ల మీద ఆనించి కొట్టడం లెక్కలోకి రాదు. మోకాలి మీద కూర్చుని, ఆయాసంతో, చలిలో ఆ పళ్లేన్ని కొట్టగలిగిన దూరమే మీ హద్దు. కొత్తవారిలో చాలామందికి అది 150 గజాలు దాటదు.

ఈ లెక్కన మీకు నా సలహా .308 విన్చెస్టర్. 165 గ్రెయిన్ల మంచి వేట గుండు.

దుకాణంలో చెప్పిన .300 మాగ్నమ్ మీద నాకు ద్వేషం లేదు. తగినవాడి చేతిలో అది అద్భుతమైన తూటా. అయితే లెక్క చూడండి. రెండు రైఫిళ్లనూ 200 గజాల దగ్గర గురి సరిచేస్తే, 300 గజాల దగ్గర .308 గుండు దాదాపు ఎనిమిదిన్నర అంగుళాలు కిందికి దిగుతుంది. .300 మాగ్నమ్ గుండు ఆరున్నర, ఏడు అంగుళాలు దిగుతుంది. తేడా రెండంగుళాలు. 150 గజాల్లో అయితే మీరు గుర్తించను కూడా గుర్తించలేరు. ఆ రెండంగుళాల కోసం భుజం మీద ఒకటిన్నర రెట్ల దెబ్బ తినాలి. తూటా ఖరీదు ఎక్కువ, కాబట్టి సాధన తక్కువ. అసలు నష్టం మాత్రం మీకు తెలియకుండా జరుగుతుంది. దెబ్బ పడబోతోందని శరీరానికి ముందే తెలిసిపోయి, మీట నొక్కే ముందు క్షణంలో కళ్లు మూతపడతాయి, భుజం బిగుసుకుంటుంది.

ఇది మీలో ఉందో లేదో తెలుసుకోవడానికి కాల్పుల సాధన చేసే రేంజిలో ఒక పాత పరీక్ష ఉంది. రైఫిల్‌ను స్నేహితుడి చేతికివ్వండి. మీరు చూడకుండా అతను ఒకసారి అసలు తూటా, ఒకసారి మందులేని డమ్మీ తూటా పెట్టి ఇస్తాడు. ఏది ఉందో మీకు తెలియదు. గురి చూసి నొక్కండి. లోపల డమ్మీ ఉన్నప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు వస్తుంది, అంతే. ఆ క్షణంలో గొట్టం చివర నిశ్చలంగా ఉంటే మీరు ఆ తుపాకీకి తగినవారు. అది గభాలున కిందికి దిగిందంటే, తూటా ఉన్నప్పుడు కూడా ప్రతిసారీ అలాగే దిగుతోందన్నమాట. చప్పుడులో మీకు కనబడలేదు. మాగ్నమ్ కొన్న కొత్తవారికి ఈ పరీక్ష పెట్టి చూస్తే ముఖాలు చిన్నబోతాయి. కొందరు మర్నాడే దాన్ని అమ్మకానికి పెడతారు. వాడిన మాగ్నమ్‌లు దుకాణాల్లో కొత్తవాటిలా మెరుస్తూ ఉండటానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

మీ స్నేహితుడి మాటలోనూ బలం ఉంది. 6.5 క్రీడ్‌మోర్‌ను హార్నడీ సంస్థ 2007లో తెచ్చింది, నిజానికి గురిపోటీల కోసం. గుండు సన్నగా, పొడవుగా ఉండి గాలిని బాగా చీలుస్తుంది. భుజం మీద తన్ను .308 కన్నా స్పష్టంగా తక్కువ. జింకలకు, దుప్పులకు నిక్షేపంలా సరిపోతుంది. మీరు మనుబోతు, ఎల్క్ అన్న మాట ఎత్తకపోయి ఉంటే నేనూ దానికే ఓటు వేసేవాడిని. కాస్త లావైన, బరువైన గుండు చేతిలో ఉంటే పెద్ద జంతువుల దగ్గర తప్పుకు కొంచెం చోటు మిగులుతుంది. .308కు ఉన్న ఇంకో సౌలభ్యం, సైన్యం వాడే 7.62 నాటో తూటాకు అది తోబుట్టువు. ఎక్కడికి వెళ్లినా దొరుకుతుంది, రకాలకు లోటు లేదు, సాధనకు చవక తూటాలుంటాయి.

ఆ చవక తూటాల దగ్గరే జాగ్రత్త. పెట్టె మీద ఫుల్ మెటల్ జాకెట్ అనో, ఎఫ్ఎంజే అనో ఉంటే అది రేంజికే. చుట్టూ గట్టి తొడుగు ఉండటం వల్ల ఆ గుండు విచ్చుకోదు. సన్నని రంధ్రం చేసుకుని అటు నుంచి వెళ్లిపోతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. చాలా రాష్ట్రాల్లో దానితో వేటాడటం నేరం కూడా. వేటకు కావాల్సింది విచ్చుకునే గుండు. జింకలకు ముందు కొన మెత్తగా ఉండే మామూలు సాఫ్ట్ పాయింట్ చాలు. పందులకు, పెద్ద జంతువులకు సీసాన్ని రాగి తొడుగుకు అతికించిన బాండెడ్ రకమో, పూర్తిగా రాగితో చేసినదో తీసుకోండి. మాంసం ఇంట్లో పిల్లలు తింటారు కాబట్టి నేనైతే రాగి వైపే మొగ్గుతాను. సీసపు గుండు విచ్చుకునేటప్పుడు కంటికి కనబడని తునకలు గాయానికి చాలా దూరం వరకూ మాంసంలోకి చిమ్ముతాయి. రాగి చితికిపోకుండా ఒకే ముక్కగా నిలుస్తుంది. రాగి సీసం కన్నా తేలిక కనుక గుండు పొడవు పెరుగుతుంది. అందుకని అందులో 150 గ్రెయిన్లది ఎంచుకుంటే సరిపోతుంది, 165 అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఉన్న పాఠకులకు ఈ ఎంపిక లేదు: 2019 జులై నుంచి అక్కడ వేటలో సీసం పూర్తిగా నిషిద్ధం.

ఇక జంతువుల సంగతి. హిల్ కంట్రీ వైట్‌టెయిల్ చిన్న జింక. మగది కూడా యాభై, అరవై కిలోలు ఉంటే బాగా ఉన్నట్లే. .243 విన్చెస్టర్ కూడా దానికి పుష్కలం. ముందుకాలి వెనుక గీత పట్టుకుని పైకి వెళ్లండి, ఛాతీ ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆగండి. అక్కడే గురి. టెక్సాస్‌లో వైట్‌టెయిల్‌కు సెంటర్‌ఫైర్ తూటానే (అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలేది) వాడాలి. అడుగు అంచున దెబ్బ తగిలి పేలే .22 లాంటి రిమ్‌ఫైర్ తుపాకీ చట్టప్రకారం కుదరదు. అది ఉడుతలకు, కుందేళ్లకు.

చుక్కల దుప్పి మనకు కొత్త కాదు. తెలంగాణ రాష్ట్ర జంతువు టెక్సాస్‌లో తుపాకీ ముందుకు ఎలా వచ్చిందంటే, 1932లో తెచ్చి వదిలారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కథా అదే, సంవత్సరమూ అదే. మన దగ్గర తాకితే జైలు. అక్కడ బయటినుంచి తెచ్చిన జంతువుల లెక్కలో వేటకాలమంటూ లేకుండా రాంచ్ యజమానుల చేతిలో ఉన్నాయి. అయినా వేట లైసెన్సు ఉండాలి. దుప్పి వైట్‌టెయిల్ కన్నా పెద్దది, గట్టిది. ఎక్కువగా గుంపులో ఉంటుంది. మీ గుండు దాన్ని దాటి వెనుకనున్న ఇంకో దుప్పికి తగలవచ్చు. కొమ్ములున్న మగదాన్ని చూసి ఉత్సాహపడి దాని వెనుక నీడలో నిలబడ్డ ఆడదాన్ని గమనించకపోవడం కొత్తవారికి మామూలే. గుంపు విడిపోయి అది ఒంటరిగా పక్కకు తిరిగే దాకా ఆగండి. తిరగకపోతే ఆ రోజుకు వదిలేయండి. ఇక్కడ మాగ్నమ్ ఉంటే వెనుకదానికి మరింత ముప్పు, వేరే లాభమేమీ లేదు.

అడవిపంది విషయంలో క్యాలిబర్ కన్నా శరీర నిర్మాణం తెలియడం ముఖ్యం. జింకకు పెట్టిన చోటే పందికి గురిపెడితే గుండు ఊపిరితిత్తులకు వెనుక, పొట్టలోకి పోతుంది. పంది గుండె చాలా ముందుకు, చాలా కిందికి, రెండు ముందుకాళ్ల మధ్య ఉంటుంది. పక్క నుంచి చూస్తే మోచేతికి కాస్త పైన, జబ్బ మీదే గురి. ముదురు మగపందికి జబ్బల మీద చర్మం కింద మందమైన గట్టి పొర డాలులా ఉంటుంది. వాటిలో అవి పోట్లాడుకున్నప్పుడు కోరలు దిగకుండా కాపాడేది అదే. మంచి బాండెడ్ గుండుకు అది అడ్డమేమీ కాదు. నక్కలాంటి కోయట్‌ల కోసం చేసిన పలుచని .223 గుండు మాత్రం దాని మీదే పిండి అయిపోవచ్చు. .223తో పందులను కొట్టేవారు టెక్సాస్‌లో వేలమంది ఉన్నారు, సరైన గుండు, దగ్గరి దూరం అయితే అదీ పని చేస్తుంది. మీ చేతిలో .308 ఉండగా ఆ చర్చ మీకు అనవసరం. పందులు అక్కడ 20 లక్షలకు పైగా ఉంటాయని అంచనా. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో పందికి 2019 నుంచి వేట లైసెన్సు కూడా అడగరు. కోసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోండి, వాటిలో బ్రూసెల్లా వ్యాధి ఉంటుంది. మాంసం పూర్తిగా ఉడకాలి. మన కూరకు అది ఎలాగూ సమస్య కాదు.

ఇప్పుడు మనుబోతు. మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించిన ప్రశ్న ఇదే. ఉత్తరాదిలో నీలుగాయి అనే ఈ జంతువును 1930 ప్రాంతంలో దక్షిణ టెక్సాస్‌లోని కింగ్ రాంచ్‌లో వదిలారు. ఇప్పుడు దక్షిణ టెక్సాస్ తీరం పొడవునా మందలుగా తిరుగుతున్నాయి. పశువులకు జ్వరం తెచ్చే పిడుదులను మోసుకొస్తున్నాయని పశుపోషకులు, ప్రభుత్వం కూడా వాటి సంఖ్య తగ్గించాలనే చూస్తున్నారు. ముదురు మగది రెండున్నర క్వింటాళ్లు దాటుతుంది. మెడ మీద, జబ్బల మీద చర్మం తోలుపట్టాలా మందం. ఎముక లావు. అన్నిటికన్నా, ప్రాణం గట్టిది. సరిగ్గా తగిలిన తర్వాత కూడా ఏమీ జరగనట్లు పరుగెత్తి వెళ్లిపోతుంది. రంధ్రం మీదికి చర్మం జరిగి మూసుకోవడంతో నేల మీద రక్తపు చుక్క కూడా కనబడకపోవచ్చు. ముళ్లపొదల ఆ ప్రాంతంలో రక్తపు జాడ లేని జంతువును వెతకడం ఎంత కష్టమో అక్కడి గైడ్లను అడగండి. వారిలో ఎక్కువమంది .300 మాగ్నమ్‌గానీ, కనీసం .30-06గానీ తెమ్మనడానికి కారణం ఇది. మీ దుకాణదారు కూడా బహుశా ఈ జంతువునే దృష్టిలో పెట్టుకుని ఆ మాట అని ఉంటారు.

అలాగని జీవితంలో ఒకటి రెండుసార్లు వెళ్లే వేట కోసం, ఏడాది పొడవునా జింకలకు వాడే తుపాకీని నిర్ణయించుకోవడం నాకు నచ్చదు. .308తో, 165 లేదా 180 గ్రెయిన్ల బాండెడ్ గుండుతో, లేదా రాగి గుండుతో మనుబోతును కొట్టవచ్చు. షరతులు ఉన్నాయి. 150 గజాల లోపు ఉండాలి. జంతువు పూర్తిగా పక్కకు తిరిగి ఉండాలి. గురి జబ్బ ఎముక మీదే, ఛాతీ ఎత్తులో కింది మూడో వంతులో పెట్టాలి, ఎందుకంటే దాని ఊపిరితిత్తులు మనం అనుకున్నదాని కన్నా ముందుకు ఉంటాయి. వెనక్కి తిరిగి పోతున్నదాన్ని ఎట్టి పరిస్థితుల్లో కాల్చకూడదు. మొదటి గుండు తగిలిందని తెలిసినా, అది నిలబడి ఉన్నంతసేపూ రెండోది, మూడోది వేయాలి. తూటాకు పొదుపు చేసే చోటు కాదు అది. ఈ షరతులకు మీ గైడ్ ఒప్పుకోకపోతే అతనితో వాదించకండి. చాలా రాంచ్‌లలో అతిథులకు రైఫిల్ అద్దెకో, ఊరికేనో ఇస్తారు. వారి .300తో ముందురోజు రేంజిలో నాలుగైదు తూటాలు కాల్చి, మర్నాడు దానితోనే వెళ్లండి.

ఎల్క్ ఇంతకన్నా పెద్దది, మగది మూడు క్వింటాళ్లు దాటుతుంది. కానీ మనుబోతంత మొండిది కాదని రెండింటినీ వేటాడినవారు అంటారు. కొలరాడో నిబంధన స్పష్టంగా ఉంది: గుండు లావు కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి, ఎల్క్‌కు కనీసం 85 గ్రెయిన్ల విచ్చుకునే గుండు కావాలి, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. చట్టం అడిగేది కనీసమే. పాత వేటగాళ్లు ఎల్క్‌కు 1,500 ఫుట్-పౌండ్లు కావాలంటారు. ఆ అంకెను నేను వేదవాక్కుగా తీసుకోను, అయినా మీ .308 దాదాపు 300 గజాల వరకూ అంత శక్తిని నిలుపుకుంటుంది. అంటే మీ తూటా సామర్థ్యం మీ చేతి సామర్థ్యం కన్నా ముందే ఎక్కువ. కొండల మీద ఎల్క్ వేటలో ఎక్కువమందిని ఓడించేది ఆయాసం. రైఫిల్ మార్చే డబ్బుతో మంచి బూట్లు కొనండి.

మీరు అడగని జంతువులను ఒక్క మాటలో ముగిస్తాను. బయలు మైదానాల్లో దూరం నుంచి కొట్టే, జింకలాంటి ప్రాంగ్‌హార్న్‌కు .270 లాంటివి బాగుంటాయి. ఎదురు తిరిగి చంపగల ఆఫ్రికా దున్న లాంటి వాటికి లెక్కే వేరు. 1912లో లండన్‌లోని హాలండ్ అండ్ హాలండ్ వారు చేసిన .375 మాగ్నమ్‌ను చాలా ఆఫ్రికా దేశాలు కనీస ప్రమాణంగా పెట్టుకున్నాయి. అది మీకూ నాకూ అవసరం పడే రోజు వస్తే అప్పుడు మళ్లీ రాయండి.

చట్టం సంగతి కూడా చూసుకోండి. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారు టెక్సాస్‌లో వేటాడాలంటే వేట శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి తుపాకీ కొనడానికి కేంద్ర చట్టం మీకు అడ్డురాదు. ఇది చదువుతున్న హెచ్-1బి, విద్యార్థి వీసాదారులకు మాత్రం వేరే నియమం: చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం వారికి కేంద్ర నేరం. స్నేహితుడితో రేంజికి వెళ్లి సరదాగా నాలుగు కాల్చినా అదే చట్టం కిందికి రావచ్చు. వీసా పోగొట్టుకోవడానికి అంతకన్నా పనికిమాలిన కారణం ఉండదు, ముందు న్యాయవాదిని అడగండి. ఇక కృష్ణజింక కొమ్ములను ఇంటికి తెచ్చి వరంగల్‌లో గోడకు తగిలించే ఊహ ఏదైనా ఉంటే ఇప్పుడే మానేయండి. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది అత్యధిక రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువు. అక్కడి రసీదు ఇక్కడ మిమ్మల్ని కాపాడదు. మన దేశంలో ఉన్న పాఠకులు ఈ సమాధానమంతా చదివి ఏ నిర్ణయానికీ రానక్కర్లేదు. ఇక్కడ వేట నిషిద్ధం. పంటకు పందుల బెడద ఉంటే దారి అటవీశాఖ అనుమతే.

చివరికి మీ భార్య ప్రశ్న. మీరు దాన్ని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు గానీ, నా సమాధానాన్ని మార్చగలిగేది అదొక్కటే. ఆవిడ ఒకటి రెండుసార్లు సరదాకు కాల్చి వదిలేస్తారనుకుంటే పైన చెప్పినదే ఖాయం, ఆవిడకు తన్ను తగ్గించి చేసిన తేలిక .308 తూటాలు దొరుకుతాయి. నిజంగా మీతో సమానంగా వేటకు వస్తారా? అయితే మీ స్నేహితుడి మాట వినండి, 6.5 క్రీడ్‌మోర్ కొనండి. జింక, దుప్పి, పంది మూడింటికీ అది సరిపోతుంది. ఎల్క్‌కు దూరం తగ్గించుకోండి, మనుబోతుకు రాంచ్ వారి రైఫిల్ ఉండనే ఉంది.

ఏది కొన్నా ముందు ఆవిడను రేంజికి తీసుకెళ్లి .22తో మొదలుపెట్టించండి, చెవులకు ప్లగ్గులు, పైన మఫ్‌లు రెండూ పెట్టించి. రైఫిల్ చప్పుడు 160 డెసిబెళ్లు దాటుతుంది, తన్ను కన్నా ఎక్కువగా కొత్తవారిని బెదరగొట్టేది అదే. తర్వాత బట్ (భుజానికి ఆనించే వెనుక భాగం) పొడవు చూడండి. మోచేతిని మడిచి, బట్ చివరను మోచేతి లోపలి మడతకు ఆనిస్తే, వేలి మొదటి కణుపు మీట మీదికి సులువుగా రావాలి. అంగడిలో ఉండే రైఫిళ్లన్నీ దాదాపు పొడవాటి మగవారి కొలతలే. ఆవిడకు అది అందకపోతే మెడ చాచి, భుజం వెనక్కి లాక్కుని కాలుస్తారు, దెబ్బ ఎముక మీద పడుతుంది, రెండోసారి రానంటారు. బట్‌లో తీసి పెట్టుకునే పలకలున్న మోడళ్లు ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి. ఒక పలక తీస్తే ఆవిడకు, పెడితే మీకు. కొనేటప్పుడు ఆవిడను కూడా వెంట తీసుకెళ్లండి.